పిలిచే మోత

ఆ ప్రయోగశాలలో స్ఫటికం వచ్చిందని ఎవరూ అనరు. "పట్టింది" అంటారు. నిప్పు పట్టినట్టు, తుప్పు పట్టినట్టు, పిచ్చి పట్టినట్టు. ఆ మాట అనే హక్కు కూడా అందరికీ లేదు. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, చుక్కలోకి చూసి, ఆమే అనాలి. ఆమె అన్నాకే మిగతావాళ్లు కుర్చీలు జరుపుకుని వచ్చేవారు.

ఆమెను అందరూ చుక్కలక్క అనేవారు. గాజు రేకులకు తలకిందులుగా వేలాడే ప్రోటీన్ చుక్కల్ని కనిపెట్టుకుని ఉండటమే ఆమె పని. చుక్కలో నీరు మెల్లగా తగ్గుతూ ఉంటే, కరిగి ఉన్న ప్రోటీన్‌కి చోటు ఇరుకవుతుంది. అప్పుడు ఒకదాని పక్కన ఒకటి వరసగా సర్దుకుంటే స్ఫటికం. సర్దుకోలేక ఒకదాని మీద ఒకటి పడితే, విరిగిపోయిన పాలలాంటి మడ్డి. ఎప్పుడు ఏదవుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. అదే ద్రావణం, అదే చలిగది, అదే గాజు. ఒకరు వేస్తే మడ్డి, ఆమె వేస్తే స్ఫటికం. ప్రయోగశాల నడిపే, అంత చదువుకున్న పెద్దాయన కూడా చివరికి "హస్తవాసి" అని ఊరుకున్నాడు.

ఈ ఒక్క ప్రోటీన్ దగ్గర మాత్రం ఆ హస్తవాసి పని చేయలేదు.

అది కంటిలోది. కంటిపాప వెనక ఉండే కటకాన్ని తేటగా నిలబెట్టే ప్రోటీన్. మామూలుగా అది జీవితాంతం కరిగే ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో మాత్రం దాని గొలుసులో ఒక్క లంకె మారి పుడుతుంది. నడివయసు దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత కంటిలోనే గట్టిపడటం మొదలుపెడుతుంది. గాజులో చేయించలేనిదాన్ని ఆ కళ్లు తమంతట తామే చేసుకుంటాయన్నమాట. ఎలా చేసుకుంటాయో తెలిస్తే ఎలా ఆపాలో తెలుస్తుందని పెద్దాయన ఆశ.

నమూనా సీసా మీద "ఒక కుటుంబం" అని మాత్రమే ఉండేది. ఆ కుటుంబం ఎవరిదో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ప్రోటీన్‌ని తయారు చేయడానికి జన్యువు తీసిన రక్తం ఆమె తల్లిది.

తల్లికి చూపు మసకబారిన వయసు ఇప్పుడు ఆమెకు వచ్చింది. తన రక్తం కూడా పరీక్షకు ఇవ్వడం ఆమెకు చిటికెలో పని. ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి తనకు తాను చెప్పుకున్న కారణాలు చాలా ఉండేవి గానీ, వాటి కింద ఉన్నది ఒక్కటే. ఆమె ఒక బేరం పెట్టుకుంది. ఎవరితో అంటే ఆమెకే తెలియదు. బయట, గాజులో పట్టిస్తే తన లోపల పట్టదు. అంతే ఆ బేరం. పగటి వెలుతురులో పైకి అనుకుంటే నవ్వొచ్చే మాటే. కానీ మనిషి పైకి అనుకోని మాటల మీదే ఎక్కువగా నడుస్తాడు. ప్రతి ఉదయం శాలువా కప్పుకుని చలిగదిలోకి వెళ్లేటప్పుడు ఆమె అడుగుల వెనక ఉన్నది ఆ బేరమే.

చుక్క తర్వాత చుక్క మడ్డి అయింది. అప్పుడు పెద్దాయన మోతమాస్టారుని తీసుకొచ్చాడు.

ఆయన ధ్వని యంత్రాలు బిగించే ఇంజనీరు. బట్టతల, పెద్ద గొంతు. తనకంటే చిన్నదాన్ని పట్టుకుని మొదటి రోజే "అక్కా" అన్నాడు. ఆయనకు లోకంలో ఆడవాళ్లందరూ అక్కలే.

"ఇదిగో అక్కా, మన మోత," అన్నాడు ఒక చిన్న నీళ్ల తొట్టి చూపించి.

"వినపడదేం?"

"వినపడితే అందరూ ఇంజనీర్లే. వినపడని మోతకి జీతం తీసుకునేవాణ్ణి ఈ భవనంలో నేనొక్కణ్ణే."

తొట్టి అడుగున ఉన్న బిళ్ల అదురుతుంది. ఆ అదురు నీళ్లలోంచి గాజు గిన్నెకి, గిన్నెలోంచి చుక్కకి పాకుతుంది. తమంతట తాము వరసలో నిలబడలేని అణువులకి ఆ అదురు ఒక ఊతం. మొదటి నాలుగూ కుదురుకుంటే చాలు, మిగతావి వాటి వెనకే చేరతాయి.

"ఒకటే గుర్తుపెట్టుకో. చిన్న మోత పిలుస్తుంది, పెద్ద మోత పగలగొడుతుంది. రెంటికీ మీట ఇదే."

"మధ్యలో ఉంటే?"

"మధ్యలో ఏముంటుందక్కా, మా ఇంట్లో నేనుంటాను," అని తనే నవ్వుకున్నాడు.

చుక్క పట్టే క్షణాన్ని చూస్తూ ఉండాలి కాబట్టి, తొట్టినీ సూక్ష్మదర్శినినీ కదలకుండా ఒకే ఇనుప పలక మీద బోల్టులతో బిగించాడు. గిన్నెను కూడా తొట్టిలో క్లిప్పుతో పట్టించాడు. సూక్ష్మదర్శినికి ఉన్న రెండు గొట్టాల్లో ఎడమదానికి కెమెరా పెట్టారు. ఆమెకి కుడి గొట్టం మిగిలింది. కుడి కన్ను ఆనించి, కనుబొమ ఎముకను గొట్టం అంచు మీద మోపి, రోజంతా కూర్చునేది. చల్లని ఇనుము ఎముకకి తగులుతూ ఉంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత తర్వాత ఆ స్పర్శ లేకపోతే ఏదో మరచిపోయినట్టు ఉండేది.

వినపడని మోత వినపడలేదు. కానీ మాస్టారు మీట తిప్పినప్పుడల్లా గదిలో ఎవరో కొత్తగా వచ్చి నిలబడినట్టు ఆమెకి అనిపించేది. తిరిగి చూసేది కాదు.

ఒక మధ్యాహ్నం, చుక్క మధ్యలో, ఒక గీత కనిపించింది.

వెంట్రుకేమో అనుకుంది. కాదు. గీతకి పక్కన ఇంకో గీత మొలిచి ఉంది. ఆకులు లేని కొమ్మలా, సముద్రం అడుగున పెరిగే పగడపు రెమ్మలా. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. నీడ కంటే పలచన. అయినా అంచులు ఎంత పదును!

"పట్టింది," అంది.

గొంతు తనది కానట్టు ఉంది.

కుర్చీలు జరిగాయి. పెద్దాయన నోట్లో పిప్పరమెంటు బిళ్ల బుగ్గ మారింది. కెమెరా తెర మీద చుక్క తేటగా, ఖాళీగా ఉంది.

"ఏదీ, ఎక్కడమ్మా?" అన్నాడాయన.

"మధ్యలోనే. కాస్త కిందకి, ఎడమ పక్కకి వాలి."

ఆయన తన కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "నా కళ్లద్దాలకి అందట్లేదు గానీ... ఏదో ఉన్నట్టే ఉంది."

మాస్టారు కూడా చూసి, "నాకు కనపడితే స్ఫటికానికే అవమానం," అన్నాడు.

కెమెరా ఇంతకుముందు కూడా తప్పింది. నీళ్లంత తేటగా ఉన్న స్ఫటికాల్ని అది చూడలేక, ఆమె చూసిన సందర్భాలు ఉన్నాయి. అందుకే పెద్దాయన తెరవైపు చెయ్యి విసిరి, "గుడ్డిముండ," అన్నాడు. "చుక్కలక్క పట్టిందంటే పట్టినట్టే. మీట ఇక్కడే ఉంచండి. మిగిలిన ప్రోటీనంతా ఈ మోత మీదే వేసేద్దాం."

"అంతా వద్దేమో సార్. కొంచెం దాచుకుందాం," అంది ఆమె.

"ఎందుకమ్మా? నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా?"

చుట్టూ నవ్వులు. ఆమె కూడా నవ్వింది. మిగిలిందంతా చుక్కలుగా వేసి, మాస్టారు పక్కనే బిగించిన మరికొన్ని తొట్లలో అదే మోత కింద పెట్టారు. బేరం నెగ్గింది కదా అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. గాజులో పట్టింది. ఇక లోపల పట్టదు.

*

ఇంటికి వెళ్లేసరికి తల్లి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎడమ కంటికి ఆపరేషన్ అయి చాలా కాలమైంది. ఆ కన్నుతో గుమ్మం దగ్గర చీమను కూడా చూస్తుంది. కుడి కన్ను మాత్రం పాలగాజులా ఉంటుంది. దానికి ఎవరు చెప్పినా ఆపరేషన్ చేయించుకోలేదు.

"ఏంటే, మొహం వెలిగిపోతోంది?"

"నీ కంట్లోదాన్ని బయట పట్టించానమ్మా."

తల్లి చేతులు ఆగాయి. "ఎలా ఉంది?"

"పగడపు రెమ్మలా ఉంది. సన్నగా."

తల్లి గిన్నె పక్కకి జరిపి, బల్ల మీద కారిన నీటిని వేలితో లాగింది. ఒక గీత. పక్కన ఇంకో గీత. కాస్త కిందకి, ఎడమ పక్కకి వాలి. "ఇలాగేనా?"

కూతురు తడి గీతల్ని చూస్తూ నిలబడింది. అవి ఆరిపోయాయి.

"నీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటే? ఇన్నేళ్లుగా చూస్తున్నదేగా. మొదట్లో ఎండలో కళ్లు చికిలించినప్పుడే కనిపించేది. మీ నాన్నతో చెబితే ఆకాశంలో కొమ్మలేంటే, మందు తాగావా అన్నాడు." తల్లి నవ్వి, మళ్లీ ఒక బఠాణీకాయ అందుకుంది. "తర్వాత నేనే చెప్పడం మానేశాను. అలవాటైపోయింది."

"మరి రెండో కంటికి ఎందుకు చేయించుకోలేదు? ఇప్పుడైనా చెప్పు."

తల్లి ఒక కాయ ఒలిచింది. ఇంకొకటి ఒలిచింది.

"ఆపరేషన్‌లో వాళ్లు సూది లాంటిది పెడతారే. దాంట్లో మోత ఉంటుంది. చెవికి వినపడదు. కంటికి వినపడుతుంది. అది పెట్టగానే ఆ కొమ్మకి తెలిసింది. పగిలిపోయే ముందు... ఎలా చెప్పను, ఒక్కసారి పెరిగింది. ఎవరో పిలిస్తే లేచినట్టు. నాకు జాలేసింది. రెండోదాన్ని ఉండనీ అనుకున్నా." పాలగాజు కన్ను కూతురి వైపు తిరిగింది. "నవ్వకు."

కూతురు నవ్వలేదు.

*

మర్నాడు తొట్టిలో నీళ్లు మార్చాల్సి వచ్చింది. మాస్టారు క్లిప్పు వదులు చేసి, "గిన్నె జాగ్రత్తక్కా, నేనిప్పుడే వస్తా," అని బాల్చీ పట్టుకుని వెళ్లాడు.

ఎవరూ లేరు. ఆమె కన్ను ఆనించింది. కొమ్మ ఉంది. నిన్నటికంటే కొంచెం స్పష్టంగా ఉంది.

చూసింది చుక్కలోదా కాదా అని తేల్చుకోవడానికి ఈ పనిలో చేరిన మొదటి వారమే నేర్పే పద్ధతి ఒకటుంది. గిన్నె తిప్పాలి. లోపల ఉన్నదైతే గిన్నెతోపాటే తిరుగుతుంది. ఇన్నాళ్లూ గిన్నె క్లిప్పులో ఉంది కాబట్టి తిప్పలేదు. కనీసం తిప్పకపోవడానికి ఆ క్లిప్పు ఉంది.

ఆమె రెండు వేళ్లతో గిన్నె అంచు పట్టుకుని తిప్పింది. చుక్కలో ఉన్న చిన్న గాలిబుడగ తిరిగింది. గాజు మీద ఉన్న గీకుడు తిరిగింది. కొమ్మ తిరగలేదు.

కాస్త కిందకి, ఎడమ పక్కకి వాలి, అలాగే ఉంది.

గిన్నె పూర్తిగా బయటికి తీసి బల్ల మీద పెట్టి మళ్లీ చూసింది. గొట్టంలోంచి వచ్చే సన్నని వెలుతురు ఖాళీగా కంటిలోకి పడుతోంది. ఆ ఖాళీలో కొమ్మ ఇంకా బాగా కనిపించింది, అడ్డు తొలగినట్టు.

ఆమెకి భయం వెంటనే వేయలేదు. ముందు వేసింది సిగ్గు. తన చేతిలోని దానికీ తన కంటిలోని దానికీ తేడా తెలియని మనిషి మాట మీద ఉన్న ప్రోటీనంతా చుక్కలైపోయింది. ఆ సిగ్గు వెనకే, చాలా నింపాదిగా, భయం వచ్చి కూర్చుంది. బేరం తిరగబడింది. గాజులో పట్టలేదు.

పెద్దాయన గది దాకా వెళ్లింది. ఆయన ఫోనులో ఎవరితోనో, "మా చుక్కలక్క లేకపోతే ఇదంతా ఎక్కడండీ," అంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూసి బొటనవేలు పైకెత్తాడు. ఆమె తల ఊపి తిరిగి వచ్చేసింది. రేపు చెబుదాం అనుకుంది. ఆ మర్నాడూ అదే అనుకుంది.

చెప్పడానికి ధైర్యం కూడదీసుకున్న రోజున చలిగదిలో కేకలు వినిపించాయి.

"అక్కా! పరిగెత్తు!"

పక్క తొట్లలోని చుక్కలన్నీ పట్టాయి. ఏ ఒక్కటీ తప్పకుండా. ఈసారి కెమెరా కూడా చూసింది. తెర నిండా కొమ్మలు. పలచగా, పదునుగా, పక్కన ఇంకో రెమ్మ మొలిచి.

"ఈ జాతి ప్రోటీన్ ఇలా కొమ్మలేయడం నేను కనీవినీ ఎరగను," అన్నాడు పెద్దాయన. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఆ రోజే చూశావమ్మా. మేమెవరమూ చూడలేకపోయాం."

"ఆ రోజు నేను చూసింది చుక్కలో కాదు సార్," అంది ఆమె.

"మరి?"

"నా కంట్లో."

మాస్టారు చప్పట్లు కొట్టాడు. "అదీ మాటంటే! ముందు కంట్లో పట్టాలి, తర్వాతే చుక్కలో!" అందరూ నవ్వారు. పెద్దాయన ఆమె భుజం తట్టాడు. నిజం చెప్పేసినా, చెప్పినట్టు కాలేదు. తెర మీద ఉన్న కొమ్మలు ఆమె మాటని మింగేశాయి.

ఆ కొమ్మలన్నీ కాస్త కిందకి, ఎడమ పక్కకి వాలి ఉన్నాయన్న సంగతి ఆమె తప్ప ఎవరూ గమనించలేదు.

*

కంటి డాక్టరమ్మ గడ్డం ఆనించే పీట మీద ఆమె మొహం పెట్టించి, సన్నని వెలుతురు వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"కుడి కంట్లో మొదలైంది. వింతేంటంటే, ఇంత పద్ధతిగా పెరిగింది నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా మబ్బులా ఉంటుంది. ఇది గీసినట్టుంది."

"ఆపరేషన్?"

"చిన్నదేనండీ. ధ్వనితో పగలగొట్టి తీసేస్తాం. వచ్చే వారం చేయించేసుకోండి."

తేదీ ఇచ్చారు. ఆమె ఆ చీటీని సంచిలో వేసుకుంది.

ప్రయోగశాలకి వచ్చి మాస్టారుని అడిగింది. "ఈ మోత గాలిలోంచి మనకి తగులుతుందా?"

"ఛ. గాలి దాటదు. ఆ భయమే వద్దు."

"ఇనుములోంచి?"

"ఇనుములోంచి అయితే సుఖంగా పోతుంది. రైలు పట్టా మీద చెవి పెట్టినట్టే. ఏం?"

ఆమె ఇనుప పలకని చూసింది. పలక మీద తొట్టి. పలక మీదే సూక్ష్మదర్శిని. గొట్టం అంచున, రోజూ తన కనుబొమ ఆనే చోట, రంగు అరిగి మెరుస్తున్న ఒక చిన్న నెలవంక.

"ఊరికే," అంది.

*

స్ఫటికాల్ని ఏరే పని కూడా ఆమెదే. వెంట్రుకంత సందు ఉన్న చిన్న ఉచ్చుతో, సూక్ష్మదర్శిని కింద, ఒక్కొక్క కొమ్మనీ కిందనుంచి ఎత్తి, గడ్డకట్టే చలిలోకి జార్చాలి. పగటి వేళ, అద్దాల కిటికీలోంచి తెల్లని వెలుతురు. మాస్టారు పక్కన కూర్చుని గిన్నెలు అందిస్తున్నాడు. కొమ్మ మీదికి కొమ్మ వచ్చినప్పుడు, అంటే గిన్నెలోని రెమ్మ జరిగి జరిగి తన కంటిలోని రెమ్మతో సరిగ్గా కలిసిపోయినప్పుడు, రెండూ ఒక్కటై కనిపించేవి. ఆ క్షణంలో లోపలా బయటా అనేది ఉండేది కాదు. ఎన్నేళ్లుగానో బిగపట్టిన పిడికిలి విడినట్టు ఉండేది. ఉచ్చు ఎత్తగానే మళ్లీ రెండయ్యేవి. అప్పుడు తల్లి పాలగాజు కన్ను ఆమెకి గుర్తొచ్చేది. జాలేసింది అన్న మాట గుర్తొచ్చేది.

ఆఖరి గిన్నె. ఒక కొమ్మ ఎత్తింది. ఇంకొకటి ఎత్తింది. ఇంకొకటి మిగిలింది. ఉచ్చు దాని కిందికి పోనిచ్చి ఎత్తింది. రాలేదు. మళ్లీ ఎత్తింది. ఉచ్చు దానిలోంచి దాటిపోయింది.

"అక్కా," అన్నాడు మాస్టారు తెర చూస్తూ. "గిన్నె ఖాళీ."

"తెలుసు."

ఆమె ఉచ్చు కింద పెట్టింది. కన్ను తీయలేదు.

"మోత పెట్టండి మాస్టారూ."

"ఖాళీ గిన్నెకి మోతెందుకక్కా?"

"పెట్టండి."

ఆయన తొట్టి మీట మీద చెయ్యి వేసి, ఆమె వైపు చూశాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "ఎంత? పిలవడానికా, పగలగొట్టడానికా?"

పొద్దుట ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచి ఆమె ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకునే ఉంది. వచ్చే వారం దాకా ఎందుకు, ఆపరేషన్ బల్ల ఎందుకు, సూది ఎందుకు? తన చేతులతో తనే పగలగొట్టేసుకుందాం. అదే అనబోయి నోరు తెరిచింది.

"పిలవడానికే," అంది.

మీట కదిలింది. తొట్టిలో నీటి మీద సన్నని ముడతలు లేచాయి. ఆమె కనుబొమ ఎముకని ఆ నెలవంక మీద సరిగ్గా ఆనించింది. గదిలో ఎవరో వచ్చి నిలబడ్డారు. ఈసారి తిరిగి చూడాల్సిన అవసరం లేదు. వచ్చినవాళ్లు ఎటు ఉన్నారో తెలుస్తూనే ఉంది.

కొమ్మ చివర ఒక చుక్కంత మెరుపు నిలిచింది. దానిలోంచి కొత్త రెమ్మ బయల్దేరింది. తొందరపడి పెరిగేవి మంచి స్ఫటికాలు కావని ఆమె ఎందరికో నేర్పింది. ఇది తొందరపడలేదు. వరస తప్పకుండా, అంచు చెదరకుండా, ఆమె జీవితమంతా మెచ్చుకున్నంత నెమ్మదిగా పెరుగుతోంది.

మాస్టారు ఖాళీ తెరని చూశాడు. ఆమెని చూశాడు.

"ఏంటక్కా? ఏమైంది?"

ఆమె మొహం ఎత్తకుండానే, మెల్లగా, ఎప్పుడూ అనే మాటే అంది.

"పట్టింది."